పాత బండితో ట్రాక్ ఎక్కేవాళ్లకి: జెండా ఎలా చూడాలి, చూశాక ఏం చేయాలి

విశాఖలో పాత బళ్లకి కొదవ లేదు. గాజువాక ఆటోనగర్ షెడ్లలో ఆర్‌డీ 350లు, ఆర్‌ఎక్స్ 100లు, యెజ్డీలు, కుడికాలి గేరు బుల్లెట్లు ఇప్పటికీ విప్పి బిగిస్తూనే ఉన్నారు. లేనిదల్లా రేస్ ట్రాకు. చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైలో 3.717 కిలోమీటర్ల సర్క్యూట్ ఉంది, ఇక్కణ్ణించి జాతీయ రహదారి 16 మీద దాదాపు 800 కిలోమీటర్లు. కోయంబత్తూరు దగ్గర కారి మోటార్ స్పీడ్‌వే ఉంది, అది ఇంకా దూరం. అందుకే మన దగ్గర బండి బాగా తోలేవాళ్లు చాలామంది ఉన్నా, జెండా చదవడం వచ్చినవాళ్లు తక్కువ. బీచ్ రోడ్డు మీద రాత్రిళ్లు భీమిలి దాకా పందెం కట్టేవాడికి జెండాతో పని పడదు. ఆ పందెం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద నేరం. దాని గురించి ఇక్కడ ఇంతకంటే చెప్పం.

ఇది పాత బండిని మొదటిసారి ట్రాక్ మీదికి తీసుకెళ్లేవాళ్ల కోసం. ట్రాక్ డే అయినా, పాత బళ్ల క్లాసు అయినా జెండాలు అవే. ఇక్కడ రాసినవి ఎఫ్‌ఐఎం (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) సర్క్యూట్ రేసు నిబంధనల ప్రకారం. మన దేశంలో ఎఫ్‌ఐఎం సభ్య సంస్థ ఎఫ్‌ఎంఎస్‌సీఐ, 1971లో ఏర్పడింది, పోటీ లైసెన్సు ఇచ్చేది అదే. ప్రతి ఈవెంట్‌కీ సప్లిమెంటరీ రెగ్యులేషన్స్ అని విడిగా ఒక పత్రం ఇస్తారు. అందులో ఉన్నదానికీ ఇక్కడ చదివినదానికీ తేడా వస్తే, ఆ రోజుకి ఆ పత్రమే చెల్లుతుంది. ఎంట్రీ ఫారం నింపి దాన్ని చదవకుండా మడిచి జేబులో పెట్టుకునేవాళ్లే ఎక్కువ, తర్వాత స్టీవార్డుల (తప్పొప్పులు తేల్చే అధికారుల) గదిలో చేతులు కట్టుకుని నిలబడేదీ వాళ్లే.

ముందు దూరం లెక్క

గంటకి 120 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 33 మీటర్లు పోతుంది. జెండా కంటపడి, అది ఏమిటో బుర్రకెక్కి, చెయ్యి కదిలేసరికి ఒక సెకను అయిపోతుంది. అంటే ఇంకా బ్రేకు పట్టకముందే 33 మీటర్లు గడిచాయి. డిస్క్ బ్రేకులు, మంచి టైర్లు ఉన్న కొత్త బండి అక్కణ్ణించి సుమారు 70 మీటర్లలో ఆగగలదు. డ్రమ్ బ్రేకుల పాత బండికి, లైనర్లు బాగుండి డ్రమ్ము గుండ్రంగా ఉన్నా, 110 మీటర్లు దాటుతుంది. మన దగ్గర అమ్మిన ఆర్‌డీ 350కి ముందూ వెనకా రెండూ డ్రమ్ములే, ఇంజిన్ మాత్రం 30 హార్స్‌పవర్ దాకా ఇస్తుంది. నాలుగైదు ల్యాపులు గట్టిగా తిరిగాక డ్రమ్ము వేడెక్కి లైనర్ పట్టు తగ్గుతుంది, లివరు గ్రిప్పుకి దగ్గరగా వస్తుంది, అప్పుడు ఆ 110 కూడా నమ్మకం లేదు.

కాబట్టి పాత బండికి కనీసం 40 మీటర్లు అదనంగా కావాలి. బ్రేకులో లేని ఆ 40 మీటర్లు కళ్లతో సంపాదించుకోవాలి. జెండా కనిపించాక ఎంత గట్టిగా బ్రేకు పట్టాలన్నది రెండో సంగతి. జెండా ఉండే చోటుని, అది ఉన్నా లేకపోయినా, ప్రతి ల్యాపులోనూ చూడటం మొదటిది.

పోస్టులు గుర్తుపెట్టుకోవడం

ముందు రోజు సాయంత్రం ట్రాక్ నడవనిస్తారు. సెల్ఫీలకి కాదు, పోస్టుల కోసం, అంటే జెండా చూపించే మార్షల్స్ నిలబడే చోట్ల కోసం నడవండి. ఒక కాగితం మీద ట్రాక్ బొమ్మ గీసుకుని ప్రతి మార్షల్ పోస్టు దగ్గరా మూడు సంగతులు రాసుకోండి. అది కుడిపక్కా ఎడమపక్కా, దాని వెనక ఏముంది, రేసింగ్ లైను (వేగంగా పోవడానికి బళ్లు పట్టే దారి) మీద ఏ చోటు నుంచి అది మొదట కనిపిస్తుంది. వెనక ఏముందన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ కాదు. పచ్చటి చెట్ల ముందు ఆకుపచ్చ జెండా, ఎర్ర హోర్డింగ్ ముందు ఎర్ర జెండా కలిసిపోతాయి. అలాంటి పోస్టుల పక్కన చుక్క పెట్టుకోండి, అక్కడ రంగు కోసం కాకుండా కదలిక కోసం చూడాలి.

ఎక్కువమంది చూపు మలుపు లోపలి అంచుకి అతుక్కుపోతుంది. పోస్టు మాత్రం చాలాసార్లు మలుపు మొదట్లో, బయటి పక్క ఉంటుంది. అందుకే వరస మార్చుకోవాలి: ముందు పోస్టు, తర్వాత బ్రేకు గుర్తు, ఆ తర్వాత మలుపు. బ్రేకు పట్టడం మొదలయ్యాక పోస్టు వైపు చూడటానికి తీరిక ఉండదు.

మలుపుల్లేని స్ట్రెయిట్ మీద గడ్డం ట్యాంకుకి ఆనించి పడుకుంటే ఇంకో ఇబ్బంది. హెల్మెట్ పై అంచు చూపుని కోసేస్తుంది. కింద నాలుగు మీటర్ల తారు తప్ప ఏమీ కనబడదు. దీన్ని ఇంట్లోనే సరిచూసుకోవచ్చు. బండిని స్టాండు మీద నిలబెట్టి, పూర్తి సూటు, గ్లవ్స్, హెల్మెట్ వేసుకుని రేసులో పడుకున్నట్టే పడుకోండి. ఒకరిని 100 మీటర్ల దూరంలో, రెండు మీటర్ల ఎత్తులో గుడ్డ పట్టుకుని నిలబడమనండి. మెడ ఎత్తకుండా, కళ్లు పైకి తిప్పితే అది కనిపించాలి. కనిపించలేదంటే హెల్మెట్ సైజు పెద్దదై నుదుటి మీదికి జారుతోందన్నా అయి ఉండాలి, క్లిప్-ఆన్ హ్యాండిళ్లు (ఫోర్కులకి విడివిడిగా బిగించే పొట్టి హ్యాండిళ్లు) మీ ఒంటికి మరీ కిందికి ఉన్నాయన్నా అయి ఉండాలి.

వైజర్ సంగతి. సముద్రం పక్కన రోజూ తిరిగే హెల్మెట్ వైజర్ మీద ఉప్పు పొర కడుతుంది. పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, ఎదురెండలో ఆ గీతలన్నీ మెరిసి జెండా రంగు తెలియదు. ముందు నీళ్లతో తడిపి రెండు నిమిషాలు ఆగి, సబ్బునీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి తుడవండి. నల్ల వైజర్ మీద మనవాళ్లకి మోజు. మబ్బు కమ్మిన సాయంత్రం ఆ వైజర్ వెనక నుంచి నీలం జెండా, నల్ల జెండా ఒకేలా ఉంటాయి. తెల్ల వైజర్ ఒకటి బ్యాగులో ఉండి తీరాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియని కళ్లు కొందరికి పుట్టుకతోనే ఉంటాయి. లైసెన్సు కోసం వైద్య పరీక్షకి వెళ్లినప్పుడు ఆ మాట దాచొద్దు.

జెండాలు

జెండా కొలత అడ్డం 100 సెంటీమీటర్లు, నిలువు 80. ఈ సైజు గుడ్డ 150 మీటర్ల దూరం నుంచి ఎంత కనబడుతుందో ఒకసారి మైదానంలో నిలబెట్టి చూస్తే, టీవీలో చూసిన అంచనా ఎంత తప్పో అర్థమవుతుంది.

పసుపు మీదే ఎక్కువ గొడవలు, ఎక్కువ ప్రమాదాలు. ఒక పసుపు జెండా ఊపుతున్నారంటే ముందున్న భాగంలో ట్రాక్ పక్కన ప్రమాదం ఉంది. రెండు పసుపు జెండాలు కలిపి ఊపుతున్నారంటే ట్రాక్ మీదే ఏదో అడ్డంగా ఉంది, పూర్తిగా మూసుకుపోయి కూడా ఉండొచ్చు. రెండిట్లోనూ వేగం తగ్గించాలి, అవసరమైతే ఆగడానికి సిద్ధంగా ఉండాలి, ఆకుపచ్చ జెండా చూపించే పోస్టు దాటేవరకూ ఎవరినీ దాటకూడదు. ప్రమాదం దాటిపోయాం కదా అని ఆకుపచ్చ జెండాకి ముందే యాక్సిలేటర్ తిప్పేవాళ్లున్నారు. మీకు కనిపించిన బండి ఒకటే, పడినవి రెండు కావచ్చు.

వేగం తగ్గించడం అంటే మీ వెనక వస్తున్నవాడికి కూడా తెలిసేలా తగ్గించడం. పసుపు చూడగానే బ్రేకు నొక్కేస్తే వెనకవాడు మీ సైలెన్సర్ మీదికొస్తాడు. వాడి కంటికి జెండా ఇంకా పడి ఉండదు, మీరు అడ్డుగా ఉన్నారు కదా. వరస ఇది: మొదట యాక్సిలేటర్ సగం వదలండి, ఎడమ చెయ్యి ఒక క్షణం పైకెత్తండి, మీ లైను మీదే ఉండండి, ఆ తర్వాత బ్రేకు మెల్లగా. చెయ్యెత్తే తీరిక లేనంత దగ్గరగా చూశారంటే, ఆ పోస్టుని కాగితం మీద మళ్లీ చూసుకోవాలి.

పక్కపక్కన పోతుండగా పసుపు పడితే? వెనకున్నవాడు వెనక్కి తగ్గాలి. పొరపాటున దాటేశారు, వెంటనే తెలిసింది. అప్పుడు చెయ్యెత్తి, పక్కకి జరిగి, మీరు దాటినవాడిని ముందుకి పోనివ్వండి. అలా వదిలేస్తే శిక్ష ఉండదని నిబంధనే చెబుతుంది. వదలకపోతే ప్రాక్టీసులో ఆ ల్యాపు సమయం కొట్టేస్తారు, రేసులో స్థానాలు వెనక్కి నెడతారు.

ఎర్ర జెండా ఊపితే రేసో ప్రాక్టీసో ఆగిపోయింది. ఇక్కడ జరిగే తప్పు ఆగకపోవడం కంటే ఎక్కువగా, ఉన్నచోట ఆగిపోవడం. ట్రాక్ మధ్యలో ఆగకూడదు. మెల్లగా తగ్గి, దాటకుండా, పిట్ (ట్రాక్ పక్కన బళ్లు ఆపి చూసుకునే చోటు) దాకా వరసగా రావాలి. దారిలో పడిపోయినవాళ్లు, అంబులెన్సు, పరిగెత్తే మార్షల్స్ ఎదురుపడొచ్చు. ట్రాక్ ఎంత వెడల్పుంటే అంతా ఖాళీ అనుకోవద్దు. రేసు మళ్లీ మొదలుపెడతారేమో తెలియదు కాబట్టి పిట్‌లో అధికారి చెప్పేవరకూ హెల్మెట్ తీసి కబుర్లలో పడొద్దు.

నిలువు చారల ఎరుపు-పసుపు జెండాని ఊపరు, కదలకుండా పట్టుకుంటారు. వాన కాకుండా వేరే కారణంతో అక్కడ తారు పట్టు తగ్గిందని అర్థం. పాత బళ్ల రేసులో ఆ కారణం ఎక్కువసార్లు నూనె. మార్షల్స్ దాని మీద సిమెంటు పొడి చల్లుతారు. ఆ తెల్లటి మరక చూసి, శుభ్రం చేశారు కదా అని దాని మీద నుంచే పోతారు కొందరు. పొడి కూడా జారుతుంది. ఆ ల్యాపులో లైను మార్చి, బండి వంచకుండా దాటండి. నూనె ఎక్కడ పడిందో తెలియకపోతే రేసింగ్ లైను మీదే పడిందనుకోండి, కారిన బండి కూడా ఆ లైను మీదే కదా పోయింది.

నల్ల జెండా మధ్యలో 40 సెంటీమీటర్ల నారింజ రంగు వృత్తం, పక్కన పలక మీద మీ నంబరు. మీ బండిలో ఏదో లోపం ఉంది, మీకూ ఇతరులకూ అపాయం, వెంటనే ట్రాక్ దిగాలి. పాత బళ్ల రైడర్లు ఎక్కువగా ఎదుర్కొనేది దీన్నే, ఎక్కువగా పొరబడేదీ దీన్నే. పిట్ దాకా పోయి దిగుదామనుకుంటారు. కారుతున్న బండితో రేసింగ్ లైను మీద పిట్ దాకా పోతే, ఆ రెండు కిలోమీటర్లూ మీ వెనకవాళ్లకి నూనె పూసినట్టే. చెయ్యెత్తి, లైను వదిలి, పక్కకి తప్పుకుని, గడ్డి మీదికో ట్రాక్ అంచుకో దిగి, ఇంజిన్ ఆపి, పెట్రోల్ ట్యాప్ మూసేయండి. ఏం పాడైందో మీకు కనిపించకపోవచ్చు. మార్షల్‌కి కనిపించింది, అది చాలు.

ఉత్త నల్ల జెండా, నంబరుతో: ఆ ల్యాపు చివర పిట్‌లో ఆగాలి, తిరిగి రావడానికి లేదు. వాదన పిట్‌లో, ట్రాక్ మీద కాదు.

నీలం జెండా మీ కోసం ఊపుతున్నారంటే వేగమైనవాడు మిమ్మల్ని దాటబోతున్నాడు. ఆర్‌ఎక్స్ 100, ఆర్‌డీ 350 ఒకే గ్రిడ్‌లో (రేసు మొదలయ్యే వరసల్లో) నిలబెట్టే చోట ఇది మూడో ల్యాపు నుంచే మొదలవుతుంది. నీలం చూసి మర్యాదగా పక్కకి తప్పుకునేవాడే ఎక్కువ ప్రమాదం. వెనకవాడు మీరు ఆ లైనులోనే ఉంటారని లెక్కేసుకుని పక్క సందు ఎంచుకుని ఉంటాడు, మీరు సరిగ్గా ఆ సందులోకే జరుగుతారు. మీ లైను మీదే ఉండండి, రేసులో ల్యాపు వెనకపడి ఉంటే మెల్లగా వేగం తగ్గించండి, తిరిగి చూడొద్దు. సందు వెతుక్కోవడం దాటేవాడి బాధ్యత.

మిగతావి త్వరగా. ఆకుపచ్చ: దారి ఖాళీ, ప్రాక్టీసు మొదటి ల్యాపులో అన్ని పోస్టుల దగ్గరా చూపిస్తారు. పోస్టులు లెక్కపెట్టుకోవడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. తెల్ల జెండా మీద ఎర్ర ఇంటూ గుర్తు: ఆ భాగంలో చినుకులు. ఉత్త తెల్ల జెండా కార్ల రేసులో ముందు నెమ్మదైన వాహనం ఉందని చెబుతుంది, మోటో జీపీలో వానకి బండి మార్చుకోవచ్చని చెబుతుంది. మీ ఈవెంట్‌లో దేనికి వాడుతున్నారో బ్రీఫింగ్‌లో (రేసుకి ముందు రైడర్లకి పెట్టే సమావేశంలో) అడగండి, అడిగితే ఎవరూ నవ్వరు. నలుపు-తెలుపు గళ్ల జెండా పడగానే బ్రేకు పట్టొద్దు, చేతులు రెండూ వదిలి ఊపొద్దు. మీ వెనక ఇంకా పోటీ నడుస్తోంది. గీత దాటాక అదే వేగంలో మొదటి మలుపు దాకా పోయి, అక్కడ తగ్గండి.

మీ బండికి తగినట్టు తగ్గడం

టూ-స్ట్రోక్ బండి ఫుల్ రేజులో ఉండగా యాక్సిలేటర్ పూర్తిగా మూసి గేరులోనే వదిలేస్తే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. యెజ్డీలో ఆయిల్ పెట్రోల్‌లోనే కలిసి వస్తుంది కాబట్టి యాక్సిలేటర్ మూస్తే ఇంజిన్‌కి ఆయిలూ తగ్గుతుంది. ఆర్‌డీ, ఆర్‌ఎక్స్‌లలో ఆయిల్ పంపు ఉన్నా దాని కేబులు యాక్సిలేటర్‌తోనే కదులుతుంది, మూయగానే పంపు కనిష్ఠానికి వస్తుంది. ఇంజిన్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది. అందుకే జెండా చూసి చెయ్యెత్తి దించాక, యాక్సిలేటర్ పూర్తిగా మూసేటప్పుడే క్లచ్ పట్టండి. ఇంజిన్ వేగం దిగాక కొద్దిగా రేజు ఇచ్చి కింది గేరులో క్లచ్ వదలండి. స్ట్రెయిట్ మీద ఎప్పుడూ రెండు వేళ్లు క్లచ్ లివరు మీదే ఉండాలి. పిస్టన్ పట్టేస్తే వెనక చక్రం లాక్ అవుతుంది, అప్పుడు క్లచ్ వెతుక్కునే సమయం ఉండదు. టూ-స్ట్రోక్‌కి ఇంజిన్ బ్రేకింగ్ ఎలాగూ తక్కువ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

పాత బుల్లెట్ కథ వేరు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. రోజూ కొత్త బండి నడిపి ఆదివారం బుల్లెట్ ఎక్కేవాడికి ఎర్ర జెండా చూసి కంగారులో కుడికాలు కిందికి తొక్కేయడం అలవాటుగా వచ్చేస్తుంది. ఆ బండికి మొదటి గేరు పైకి, మిగతావన్నీ కిందికి. అంటే బ్రేకు అనుకుని తొక్కినదానికి పై గేరు పడుతుంది, ఉన్న ఇంజిన్ బ్రేకింగ్ కూడా పోతుంది, బండి ముందుకి జారినట్టు పోతుంది. రేసుకి ముందు వారం రోజులు ఆ బండి తప్ప ఇంకోటి నడపకుండా ఉండటమే దీనికి మందు. ఇంకో జాగ్రత్త, సింగిల్ సిలిండర్ బుల్లెట్‌ని ఒకేసారి రెండు గేర్లు దించి క్లచ్ వదిలితే వెనక చక్రం ఎగిరెగిరి పడుతుంది.

డ్రమ్ము బ్రేకులకి విశాఖ గాలి అదనపు చిక్కు. ఒక్క రాత్రి బయట పెడితే డ్రమ్ము లోపల సన్నటి తుప్పు పొర పడుతుంది, పొద్దున్న మొదటి బ్రేకుకి గభాల్న పట్టేస్తుంది. ట్రాక్ ఎక్కగానే మొదటి ల్యాపులో ట్రాక్ తిన్నగా ఉన్న చోట నాలుగైదుసార్లు తేలిగ్గా పట్టి ఆ పొర పోగొట్టాలి. ఆటోనగర్‌లో లైనర్లు వేయించినప్పుడు డ్రమ్ముని లేత్ మీద కోయించి, షూ ముందు అంచుని ఏటవాలుగా అరగదీయించండి. అలా చేయకపోతే బ్రేకు కుదుపుగా పడుతుంది.

నారింజ వృత్తం మీ నంబరు పక్కన రాకుండా చూసుకునే పని కూడా ఆటోనగర్‌లోనే అవుతుంది. ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టు తలకి 1.5 మిల్లీమీటర్ల రంధ్రం వేయించి, 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ తీగ మెలేసి, బోల్టు బిగిసే వైపు లాగేలా కట్టాలి. తీగ తిరగేసి కడితే అది ఉన్నా లేనట్టే. ఫిల్లర్ మూతకీ అంతే. ఇంజిన్ లోపలి ఆవిరి వదిలే బ్రీదర్ గొట్టాన్ని గాలిలోకి వదలకుండా ఒక డబ్బాలోకి పెట్టాలి. లివర్ల చివర కనీసం 16 మిల్లీమీటర్ల బంతి ఉండాలి, విరిగిన లివర్‌ని అరగదీసి వాడితే స్క్రూటినీలోనే (రేసుకి ముందు బండి తనిఖీలోనే) ఆపేస్తారు. సైడ్ స్టాండు, అద్దాలు తీసేయాలి. యాక్సిలేటర్ వదిలిన వెంటనే దానంతటదే మూసుకోవాలి, హ్యాండిల్ ఎటు తిప్పినా సరే. ఉప్పుగాలికి కేబులు లోపల తుప్పు పడితే మొదట దెబ్బతినేది ఇదే.

మొదట్లో, పడినప్పుడు

గ్రిడ్ మీద ఎర్ర లైటు వెలిగాక 2 నుంచి 5 సెకన్లలో ఆరుతుంది. ఈ మధ్యలో బండి ముందుకి కదిలితే జంప్ స్టార్ట్. ఇంజిన్ ఆగిపోతే కిక్ కొడుతూ కూర్చోవద్దు. కదలకుండా చెయ్యి నిటారుగా ఎత్తి ఉంచండి, వెనక వరసలవాళ్లు మిమ్మల్ని చూసి పక్క నుంచి పోతారు. బండి నెట్టుకుంటూ పక్కకి పోదామని చూస్తే వాళ్ల దారిలోకే పోతారు.

పడితే, జారడం పూర్తిగా ఆగేదాకా లేవొద్దు. ఆగిపోయామనిపించాక కూడా ఒక క్షణం ఆగండి, చాలామంది ఇంకా జారుతూనే నిలబడబోయి కాళ్లు విరగ్గొట్టుకుంటారు. లేచాక ముందు బళ్లు వచ్చే వైపు చూసి, దగ్గరి గోడ వెనక్కి పోవాలి. ట్రాక్ దాటకూడదు. బండి కోసం వెనక్కి రాకూడదు, అది మార్షల్స్ పని. హెల్మెట్ గోడ వెనక్కి వెళ్లాకే తీయాలి.

ఇక్కడే సాధన చేయడం

చెన్నైలో దొరికే పదిహేను ఇరవై నిమిషాల ప్రాక్టీసు సెషన్లో జెండాలు నేర్చుకోలేరు. గేటు వేసి మూయగల ప్రైవేటు మైదానం చూసి, యజమాని దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. 100 మీటర్ల పొడవు చాలు. వేగం 40 దాటొద్దు. ఇది కళ్లకి వ్యాయామం, ఇంజిన్‌కి కాదు. అయినా హెల్మెట్, గ్లవ్స్, బూట్లు ఉండాలి, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక కారు ఉండాలి.

గుడ్డ పూర్ణామార్కెట్‌లో కొని దర్జీ దగ్గర కుట్టించుకోవచ్చు. కాటన్ వద్దు, సముద్రపు తేమకి బరువెక్కి కర్రకి చుట్టుకుంటుంది. పల్చటి పాలిస్టర్ తీసుకోండి. పసుపు నిమ్మకాయ రంగులో ఉండాలి. ముదురు పసుపు అయితే దూరం నుంచి నారింజ అనిపిస్తుంది. ఒక అంచుకి 4 సెంటీమీటర్ల గొట్టంలా కుట్టించి, మీటరుంబావు పీవీసీ పైపు దూర్చండి. పసుపువి రెండు కావాలని మరిచిపోవద్దు.

జెండా పట్టేవాడికీ పద్ధతి ఉంది. అక్కర్లేనప్పుడు చుట్టి వీపు వెనక దాచాలి, అంచు బయట రెపరెపలాడితే రైడర్ దాన్నే సంకేతం అనుకుంటాడు. ఊపేటప్పుడు అటూ ఇటూ కాకుండా ఎనిమిది అంకె గీసినట్టు ఊపాలి, బీచ్ గాలికి కూడా గుడ్డ చుట్టుకోదు. పోస్టులో ఇద్దరుంటే చెరో వైపు చూస్తూ నిలబడాలి: పసుపు పట్టినవాడు ముందున్న భాగాన్ని, నీలం పట్టినవాడు వచ్చే బళ్లని చూస్తాడు.

మూడు పోస్టులు పెట్టి, మొదట ఒక్కొక్కరినే తిప్పండి. ఏ పోస్టులో ఏ రంగు వచ్చిందో రైడర్ ల్యాపు చివర చెప్పాలి. ఏమీ చూపించని పోస్టు కూడా ఏమీ లేదని చెప్పాలి, అసలు పరీక్ష అదే. రెండో విడతలో ఇద్దరిని వదిలి, వెనకవాడు దాటబోయే సరిగ్గా ఆ క్షణంలో పసుపు ఊపండి. ముందువాడు చెయ్యెత్తాడా, వెనకవాడు బ్రేకు లేకుండా తగ్గగలిగాడా చూడండి. మూడో విడతలో నలుగురు, ఎర్ర జెండా, ఎవరూ ఎవరినీ దాటకుండా వరసగా రావాలి. తప్పు చేసినవాడు బండి దిగి తర్వాతి విడతంతా జెండా పట్టుకోవాలి. ఎండలో అరగంట నిలబడి ఎవరూ తనవైపు చూడకుండా పోవడం చూసినవాడు, మళ్లీ బండెక్కితే పోస్టు వైపు తప్పకుండా చూస్తాడు.

రేసులో శిక్ష పడితే ఫిర్యాదు చేసుకోవచ్చు, గడువు, రుసుము సప్లిమెంటరీ రెగ్యులేషన్స్‌లోనే ఉంటాయి. జెండా కనబడలేదు అన్నది కారణంగా ఒప్పుకోరు. నిర్వాహకుల అనుమతితో బండికి కెమెరా పెట్టుకుని ఉంటే, ఆ రుసుము కట్టేముందు ఆ ల్యాపు వీడియో ఒకసారి చూసుకోండి. చాలాసార్లు పసుపు జెండా అందులో నిక్షేపంగా ఊగుతూ ఉంటుంది.